నలభై ఏళ్ళకు వచ్చిన పిలుపు



చిల్లకూరు మీదుగా సాగే జాతీయ రహదారి పట్టుకుంటే చెన్నపట్నం మనకు ఎంతో దూరం కాదు. 1953 వరకు మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ పట్నంలో పుట్టిన తెలుగువాడు కోటా రామస్వామి. సెలవురోజు వస్తే ఖాళీ పొలాల్లో వికెట్లు పాతుకునే మన పిల్లల్లో ఆయన పేరు విన్నవారు తక్కువ. వారికి ఆయనను పరిచయం చేయాలని మా కోరిక.

రామస్వామి 1896 జూన్ 16న జన్మించారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. దత్తత వెళ్ళినందున కుమారుని ఇంటిపేరు మారింది. ఆ రోజుల్లో మద్రాసులో దొరలతో క్రికెట్ ఆడబోయిన మనవారికి పెవిలియన్‌లో చోటు ఉండేది కాదు. భోజనవేళ దొరలు లోపల, మనవారు చెట్ల కింద. బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ స్థాపించి, మన యువకులకు ఆట నేర్పించారు. దొరల జట్టుతో సమానస్థాయిలో పోటీ జరగాలని ఏర్పాట్లు చేసి, ఆ పోటీని చూడకుండానే 1908లో కన్నుమూశారు. అప్పటికి రామస్వామికి పన్నెండేళ్ళు.

ఆ బాలుడు పెరిగి కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. అక్కడ టెన్నిస్‌లో రాణించి, 1922లో డేవిస్ కప్ పోటీల్లో భారతదేశం పక్షాన ఆడారు. క్రికెట్‌లో ఎడమచేతి వాటం బ్యాట్స్‌మన్. అయితే టెస్టు ఆడే పిలుపు రావడానికి మరో పద్నాలుగేళ్ళు పట్టింది.

1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్. ఆ జట్టులో ఐకమత్యం లోపించింది. అమర్‌నాథ్ వంటి మేటి ఆటగాడిని మధ్యలోనే ఇంటికి పంపివేశారు. అటువంటి వాతావరణంలో, నలభై ఏళ్ళు నిండిన రామస్వామి జులై నెలలో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడారు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 203కే అవుటయ్యారు. అందులో ఆయనవి 40. ఇంగ్లండు 571 పరుగులు చేసింది. 368 పరుగుల వెనుకబాటుతో మళ్ళీ బరిలోకి దిగిన మనవారికి విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ గొప్ప ఆరంభం ఇవ్వగా, రామస్వామి 60 పరుగులు జోడించారు. ఓడిపోవలసిన ఆట డ్రా అయింది. తరువాత ఓవల్‌లో 29, అవుటు కాకుండా 41.

అంతే, రెండే టెస్టులు. మొత్తం 170 పరుగులు, సగటు 56.66. ఆపైన యుద్ధం వచ్చింది. భారతదేశం మళ్ళీ టెస్టు ఆడింది 1946లో. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు.

మేము ముఖ్యంగా గమనించేది ఆ తరువాతి కాలాన్ని. అంతకాలం ఇతరులు ఎంచుకుంటే ఆడిన మనిషి, ఇప్పుడు ఇతరులను ఎంచే స్థానంలో కూర్చున్నారు. జాతీయ సెలక్టరుగా పనిచేశారు. 1952-53లో వెస్టిండీస్ వెళ్ళిన జట్టుకు మేనేజరు ఆయనే. అక్కడ ఆడిన ఐదు టెస్టుల్లో మన జట్టు ఒక్కటే ఓడి, నాలుగు డ్రా చేసుకుంది. యువకుడైన సుభాష్ గుప్తే 27 వికెట్లు తీసింది ఆ సిరీస్‌లోనే.

1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, రామస్వామి మద్రాసు అడయారులోని ఇల్లు విడిచి వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. మనందరికీ తెలిసిన సమాధి ఒకటీ లేదు. పరుగుల లెక్క మాత్రం చెరగలేదు.

ప్రియులారా, మన సంఘాల్లో కూడా మనుషులను ఎంచే పని ఉంటుంది. పాటల బృందానికి ఒకరిని, సండేస్కూలుకు ఒకరిని, కమిటీకి ఒకరిని. వయసు దాటిందని ఎవరినో పక్కన పెడతాము. మనవాడు కాడని మరొకరిని చెట్టు కిందనే కూర్చోబెడతాము. నలభై ఏళ్ళ మనిషిని మాంచెస్టర్‌కు పంపకపోయి ఉంటే ఆ 60 పరుగులు ఎవరు చేసేవారు? ఎంచే కుర్చీలో కూర్చున్న మనము, రేపు పేర్లు చదివే ముందు, వరండాలో ఇంకా ఎవరు నిలబడి ఉన్నారో ఒక్కసారి తలెత్తి చూద్దాము.