ఆయుధ వ్యాపారమును నిలదీసిన సెనేటరు

ప్రథమ ప్రపంచ యుద్ధమున లక్షలమంది నేలకొరగగా, ఆయుధములమ్మినవారు కోట్లు గడించిరి. వారిని సభాసంఘము ముందు నిలిపి లెక్కలడిగిన ధీరుడు జెరాల్డ్ నై.

ఆయన 1892లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించెను. పత్రికా సంపాదకుడై రైతుల పక్షమున కలము పట్టెను. 1925లో ఉత్తర డకోటా పక్షమున ఎగువసభయగు సెనేటున ప్రవేశించెను. 1934లో ఆయుధ పరిశ్రమ విచారణ సంఘమునకు అధ్యక్షుడై రెండు వందలకు పైగా సాక్షులను విచారించెను. డ్యూపాంటు సోదరులును, బ్యాంకరు మోర్గానును సమాధానము చెప్పవలసి వచ్చెను. 1935 నాటి తటస్థతా శాసనమునకు ఈ విచారణ బలము చేకూర్చెను. లైసెన్సు లేనిదే ఆయుధములు దేశము దాటరాదను నియమము దానితో ఏర్పడెను.

1936లో, దివంగతుడైన అధ్యక్షుడు విల్సన్ సత్యమును మరుగుపరచెనని నై ఆరోపింపగా సభ ఆగ్రహించెను. విచారణకు ధనము నిలిచిపోయెను. అంతర్యుద్ధమున చిక్కిన స్పెయిను రిపబ్లికునకు ఆయుధ నిషేధము ఉరిత్రాడగుట గాంచి, 1938లో దానిని తొలగింపుమని ఆయనయే తీర్మానము తెచ్చెను. అది నెగ్గలేదు. ఐరోపా యుద్ధమున అమెరికా చేరరాదని పట్టుపట్టిన ఆయన 1944 ఎన్నికలలో ఓడి, 1971లో కన్నుమూసెను.

శాసనము చేయుటతో సభ బాధ్యత తీరదు. దాని ఫలమును సైతము పరీక్షింపవలెను. నై జీవితము నేర్పు పాఠమిదియే.