డొమినిక్ డిసౌజా: రక్తదానం చేసినందుకు 64 రోజుల నిర్బంధం

గోవాలోని పర్రా గ్రామానికి చెందిన డొమినిక్ డిసౌజాకు రక్తదానం చేయడం అలవాటు. చివరికి ఆ అలవాటే ఆయన్ను పోలీసుల పాలు చేసింది.

1989 ఫిబ్రవరి 14న పోలీసులు ఆయన్ను మపూసాలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కారణం చెప్పలేదు. ఆయన ఇచ్చిన రక్తంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు అప్పటికే తేలింది. హెచ్‌ఐవీ ఉన్నవారిని విడిగా నిర్బంధించాలని అప్పటి గోవా ప్రజారోగ్య చట్టం చెప్పేది. ఒకప్పటి క్షయ ఆసుపత్రిలో, కాపలా మధ్య 64 రోజులు ఉంచారు.

తల్లి లూసీ డిసౌజా ఊరుకోలేదు. బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. న్యాయవాది ఆనంద్ గ్రోవర్ వాదించారు. మధ్యంతర ఉత్తర్వుతో డొమినిక్ ఇంటికి చేరారు. అయితే తుది తీర్పులో, విడిగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉందనే కోర్టు చెప్పింది. కొడుకు బయటికొచ్చాడు గానీ కేసు ఓడిపోయింది. ఆయన ఉద్యోగం కూడా నిలవలేదు.

అయినా ఆయన ముఖం చాటేయలేదు. తన పేరుతోనే, తన ముఖంతోనే జనం ముందుకొచ్చి మాట్లాడారు. 1992లో గోవాలో 'పాజిటివ్ పీపుల్' సంస్థను స్థాపించారు. అదే ఏడాది మే నెలలో కన్నుమూశారు. 2005లో వచ్చిన హిందీ సినిమా 'మై బ్రదర్ నిఖిల్'కు ఆయన జీవితమే ప్రేరణ.

తర్వాత న్యాయం మెల్లగా కదిలింది. పని చేయగల మనిషిని హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగానికి దూరం చేయడం తగదని 1997లో అదే బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది. 2017లో పార్లమెంటు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా విషయాల్లో వివక్ష చూపకూడదు. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఎవరినీ నిర్బంధించకూడదు.

ఇది కేంద్ర చట్టం. మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా వర్తిస్తుంది. ఫిర్యాదులు విచారించడానికి ప్రతి రాష్ట్రమూ అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. వంద మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మన ఇళ్లలో ఎవరికైనా ఈ కష్టం వస్తే దాచిపెట్టి కుమిలిపోవద్దు. డొమినిక్‌కు ఆనాడు లేని రక్షణ ఈనాడు మనకుంది.