భాగ్యరెడ్డి వర్మ - బెజవాడ సభ

బాబాసాహెబ్ దీక్షకు 43 ఏళ్ల ముందే, 1913లో, హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపింది ఎవరో మీకు తెలుసా? 1888లో పుట్టిన మాదరి భాగయ్య. మనం భాగ్యరెడ్డి వర్మ అంటాం.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో జనాన్ని పోగేశారు. బస్తీ తగాదాలు బస్తీలోనే తీర్చుకునేలా పంచాయతీలు పెట్టించారు. న్యాయం మనమే చెప్పుకోగలమని తెలిస్తే సగం భయం పోతుంది కదా!

1917 నవంబరులో బెజవాడ సభ. పిలిచింది పంచమ సభ అని. అధ్యక్షులు ఆయనే, ఆ పేరు మీదే అభ్యంతరం చెప్పారు. పంచములన్న మాట పురాణాల్లో ఎక్కడా లేదనీ, మనం ఈ నేల మొదటి మనుషులమనీ వాదించారు. సభ ఒప్పుకుంది, ఆది ఆంధ్ర మహాసభ అయింది. పేరు మార్చుకున్నది జనమే. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారట, వీళ్లెక్కడ లోపలికొస్తారోనని! వీళ్లేమో కొండ కింద ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు.