కావలి వేంకట బొర్రయ్యగారి చరిత్రము

లోకమున రాజుల చరిత్రములు శాసనములయందును, కవుల కీర్తి కావ్యములయందును నిలుచుచున్నవి. పల్లెల చరిత్రము మాత్రము వృద్ధుల నాలుకపై నుండి వారితోడనే గతించుచున్నది. అట్లు గతింపనున్న దానిని కాగితముపైకి దెచ్చి, రెండువందల యేండ్లకు పైబడియు మనకు దక్కునట్లు చేసినవారిలో ప్రథమగణ్యులు కావలి వేంకట బొర్రయ్యగారు. నియోగిశాఖ నలంకరించిన యీ మహనీయుని మన వార్షిక మహాసభా సంచికయందు స్మరించుట యుచితమని తలచి, వారి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

బొర్రయ్యగారు 1776వ సంవత్సరమున ఏలూరునందు జన్మించిరి. బాల్యముననే సంస్కృతాంధ్రముల నభ్యసించి, పిదప ఇంగ్లీషును నేర్చిరి. 1796లో, ఇరువదియేండ్ల ప్రాయమున, కాలిన్ మెకంజీ దొరగారి కొలువున జేరిరి. ఈ దొర స్కాట్లాండునకు వాయవ్యముననున్న లూయిస్ ద్వీపమున బుట్టి, 1783లో ఈ దేశమునకు వచ్చి, కుంపిణీవారి సైన్యమున ఇంజనీరుగా నుండెను. గణితమున నేర్పరి, పూర్వచరిత్రమన్న నెంతయు నాసక్తి గలవాడు. కాని దేశభాష యొక్కటియు రాదు. అందుచే మొదటి పదుమూడేండ్లును ఆయన కోరిక కోరికగానే యుండెను. బొర్రయ్యగారి పరిచయముతోనే భారతీయ విజ్ఞానమందిరపు ద్వారము తనకు దెఱవబడినదని మెకంజీ 1817లో వ్రాసిన లేఖయందు స్వయముగా నొప్పుకొనియున్నాడు. ప్రభువు భృత్యునకు ఋణపడితినని వ్రాయుట ఆ కాలమున సామాన్యము గాదు.

1799లో శ్రీరంగపట్టణము కుంపిణీవారి వశమైనది. పిదప మెకంజీ మైసూరుదేశమును కొలిపింపబూనగా బొర్రయ్యగారు తోడుగా వెడలిరి. గొలుసులతో నేల కొలుచుట దొర పని. ఆ నేలపై బ్రతికినవారి కథలు సేకరించుట బొర్రయ్యగారి పని. ఊరూర కరణముల కవిలెలు విప్పించుట, అర్చకులచే స్థలపురాణములు చెప్పించుట, వృద్ధులను సమావేశపఱచి గ్రామోత్పత్తిని వినుట, పాడుగుడులలోని శాసనములకు ప్రతులు తీయుట యనునవి వారి నిత్యకృత్యములు. హళగన్నడలిపి నభ్యసించి, పలువురకు దుర్బోధములైన శిలాక్షరములను వారు చదువగలిగిరి.

వారి గుణమును దెలుపు విషయ మొకటి కలదు. మైసూరుసీమయందలి జైనాచార్యుని యొద్ద కూర్చుండి, ఆ మతమువారి సంప్రదాయములను విని, బొర్రయ్యగారు ఇంగ్లీషులోనికి అనువదించిరి. అది కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారి పరిశోధన గ్రంథముల తొమ్మిదవ సంపుటమున బొర్రయ్యగారి పేరుతోనే ప్రకటితమైనది. బ్రాహ్మణుడై యుండియు, పరమతస్థుని వచనమును శ్రద్ధతో విని లిఖించిన యీ నడవడియే వారి విద్యకు భూషణము.

దైవము వారికి దీర్ఘాయువు నీయలేదు. 1803లో, ఏడేండ్ల సేవయైనను నిండీనిండకమునుపే, బొర్రయ్యగారు పరమపదించిరి. వారి తమ్ములు లక్ష్మయ్యగారు ఆ భారమును వహించి, గుమాస్తాలను నానాదేశములకు బంపి, అన్నగారి పద్ధతినే నడపిరి. మఱియొక సోదరులు రామస్వామిగారు 1829లో కలకత్తాయందు దక్షిణదేశకవుల చరిత్రమును ఇంగ్లీషులో బ్రకటించి, అందు అన్నగారికిని స్థానమిచ్చిరి.

1800లో నిజాము ప్రభుత్వమువారు కుంపిణీకిచ్చిన దత్తమండలములలో పెక్కుభాగము నేటి మన రాయలసీమలో నున్నది. కోయిలకుంట్ల నాడు కడపజిల్లాలోనిది. 1858లో కర్నూలుజిల్లాలో జేరినది. నేడు నంద్యాలజిల్లాలో నున్నది. లక్ష్మయ్యగారి కాలమున మన సీమ గ్రామములకును కైఫీయతులు వ్రాయబడినవి. అడవి నెవరు కొట్టిరి, చెఱువు నెవరు త్రవ్వించిరి, దేవుని నెవరు ప్రతిష్ఠించిరి, పొలిమేర యెట్లేర్పడినది, ఏ రాజు ఏ మాన్యమొసగెను అనునవి యందలి విషయములు. అందు పురాణగాథయు, లెక్కయు కలసియుండును. చరిత్రకారుడు వానిని వేఱుపఱచుకొనవలయునే గాని త్రోసివేయరాదు.

1821లో మెకంజీ మరణించెను. అప్పటికి గూడిన సంచయమున వ్రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రములు 2,070, శాసనప్రతులు 8,076 గలవని విల్సను పండితుని 1828 నాటి పట్టిక చెప్పుచున్నది. కుంపిణీవారు దొరసానికి లక్షరూపాయలిచ్చి దానిని కొనిరి. కాని లక్ష్మయ్యగారు ఆ పని తాము కొనసాగింతుమని వేడగా, 1836 ప్రాంతమున కలకత్తాలోని సొసైటీవారు, స్వదేశీయునకు అంతటి సామర్థ్యముండదని తలచి నిరాకరించిరి. నలువదేండ్లు సేకరించిన చేతులకు సవరించు యోగ్యత లేదనుట యెట్టి న్యాయమో పాఠకులే విచారింతురు గాక. నేటికిని ఆ సంచయము మెకంజీ పేరనే ప్రసిద్ధము.

ఇది మన దేశమునకే చెల్లిన కథ గాదు. న్యూజీలండులో గవర్నరుగా నుండిన గ్రే దొర 1855లో బ్రకటించిన మావోరీగాథలలో పెక్కు తె రంగికాహెకె యను మావోరీ పెద్ద వ్రాసియిచ్చినవే. ముఖపత్రముపై నాతని పేరు లేదు. ఇట్టివారిని స్మరించుట ఋషిఋణము దీర్చుటతో సమానమని మా యభిప్రాయము.

అటుపిమ్మట బ్రౌనుదొరగారు మన కైఫీయతులకు ప్రతులు వ్రాయించిరి. ఇటీవల కడపలోని బ్రౌను భాషాపరిశోధన కేంద్రమువారు వానిని సంపుటములుగా ముద్రించి మహోపకార మొనర్చిరి. కాని అనంతరకాలపు కథలను వ్రాసిన బొర్రయ్యలెందఱు? 1847లో కోయిలకుంట్లయందు ఉరిదీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి చరిత్రమును ఈ రేనాటిప్రజలు పాటలుగా గానము చేసికొని నిలుపుకొనిరి. పాటకానివి యెన్ని నశించినవో! 1984లో కరణముద్యోగములు రద్దయిన పిమ్మట ఎన్నియో యిండ్ల కవిలెకట్టలు అటకలపై చెదలపాలైనవి. పరులననుటయేల? మా పెదతండ్రిగారు రాత్రులయందు చెప్పిన మా యూరి పుట్టుక కథను వ్రాసికొందము, వ్రాసికొందమని యుండి మేమును పోగొట్టుకొంటిమి. ఎల్లరకును అక్షరములు నేర్పిన మాకు, ఆ నాలుగు పుటలు వ్రాయుటకు తీరికలేకపోయెను.

కావున దాతలును, సభ్యులును ఈ మహాసభనాడొక సంకల్పము చేయుదురు గాక. ఇంట నున్న తాటాకుకట్టను చెదలు ముట్టకమునుపే ప్రతి తీయింపుడు. ఊరిలోని వృద్ధులను, వారు ఏ కులమువారైనను, ఆదరముతో నడిగి వ్రాసికొనుడు. చెప్పినవారి పేరు మొదట వ్రాయుడు. బొర్రయ్యగారు మనవారని గర్వించుట సులభము. వారివలె పరుల మాట శ్రద్ధతో వినుటయే వారికి నిజమైన తర్పణము.