వానకు లెక్క కట్టిన వాకర్

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలంటారు. ప్రాణం సంగతి అలా ఉంచితే, వాన రాకడను లెక్కకట్టి చెప్పాలని మన దేశంలో ఇరవై ఏళ్లు శ్రమించిన గణితవేత్త సర్ గిల్బర్ట్ వాకర్.

ఆయన 1868లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో జన్మించాడు. 1889లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ప్రథముడుగా నిలిచాడు. విసిరితే తిరిగొచ్చే బూమరాంగ్ అంటే ఆయనకెంత మోజంటే, దాని గమనాన్ని గణితంతో వివరించాడు.

మన సీమవాళ్లు ధాత కరువని చెప్పుకునే 1876-78 కరువు తరువాతనే ప్రభుత్వం ఋతుపవనాలపై ముందస్తు సూచనలకు పూనుకుంది. 1899లో ఆ సూచన తప్పి దేశం మళ్లీ కరువు పాలైంది. అట్టి స్థితిలో, 1904లో, వాకర్ భారత వాతావరణ శాఖ అధిపతి అయ్యాడు.

గాలి, సముద్రాల కదలికలకు సమీకరణాలున్నా, వాటిని సాధించి రాబోయే వానకాలాన్ని చెప్పడం ఆనాడు అయ్యే పని కాదు. అందుచేత ఆయన వేరే దారి పట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి ఏళ్ల తరబడి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల అంకెలు తెప్పించి, దేనికి దేనితో సంబంధముందో గుమాస్తాల చేత చేతిలెక్కలు కట్టించాడు. కంప్యూటర్లు లేని కాలమది! ఆ అంకెల గుట్టలోంచి ఒక రహస్యం బయటపడింది. పసిఫిక్ సముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది, తక్కెడలాగా. దీనికే ఆయన దక్షిణ డోలనమని పేరు పెట్టాడు.

1913లో మద్రాసు వచ్చినపుడు, పోర్టు ట్రస్టు గుమాస్తాగా ఉన్న రామానుజన్ గణితాన్ని చూసి విశ్వవిద్యాలయానికి సిఫార్సు చేసినదీ ఈయనే. రామానుజన్‌కు నెలకు 75 రూపాయల వేతనం దక్కింది.

అయితే తక్కెడ ఎందుకు ఊగుతుందో వాకర్‌కు అంతుపట్టలేదు. 1924లో పదవి విరమించి, 1958లో కన్నుమూశాడు. 1969లో బ్యెర్క్నెస్ అనే శాస్త్రవేత్త, పసిఫిక్ నీటి వేడిమికీ ఈ డోలనానికీ ముడి ఉందని వివరించి, అక్కడి గాలుల ప్రసరణకు వాకర్ పేరే పెట్టాడు.

ఆ నీరు వేడెక్కే ఎల్ నినో ఏట నైరుతి వానలు తరచు తగ్గుతాయి. ఈశాన్య వానలు మాత్రం చాలాసార్లు బాగానే పడతాయి. మా ఏర్పేడు వైపు చెరువులు నిండేది ఈ వానలతోనే. టీవీలో ఎల్ నినో మాట వినగానే మా నాయన దిగులుపడతాడు. శెనక్కాయకు భయమే గానీ చెరువు మీద ఆశ వదలొద్దని నేనంటాను. గట్టిగా చెప్పగలవా అని ఆయన అడుగుతాడు. చెప్పలేను. లెక్క గట్టిగా పలకని ఏడు జోస్యం చెప్పరాదన్నది వాకర్ నియమం. రైతుబిడ్డగా నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చినది అదే.