వాల్తేరు స్టేషనులో అరెస్టయిన మౌలానా

ఖిలాఫత్ ఉద్యమం అనగానే మన ఇళ్ళల్లో పెద్దలకు అలీ సోదరులు గుర్తుకొస్తారు. వారిలో చిన్నవారైన మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ సుమారు ఆరున్నరేళ్ళు నిర్బంధంలోను, జైళ్ళలోను గడిపారు. ఆయన తుపాకీ పట్టలేదు, బాంబు విసరలేదు. మొదటిసారి పట్టుకెళ్ళింది రాతల కారణంగా, రెండవసారి ఆయన అధ్యక్షత వహించిన సభ చేసిన ఒక తీర్మానం కారణంగా.

1878 డిసెంబరు 10న రాంపూర్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి ఆబాదీ బానో బేగం నగలు కుదువపెట్టి బిడ్డలకు ఇంగ్లీషు చదువు చెప్పించారు. ఈ తల్లే తరువాత దేశమంతటికీ ‘బీ అమ్మా’ అయ్యారు. అలీగఢ్‌లోను, ఆక్స్‌ఫర్డ్‌లోను చదివి వచ్చిన ముహమ్మద్ అలీ కొన్నేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేశారు. ఆ కొలువు వదులుకుని 1911 జనవరిలో కలకత్తాలో ‘కామ్రేడ్’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. రాజధాని ఢిల్లీకి మారగా పత్రికా అక్కడికే మారింది. 1913లో ఉర్దూలో ‘హమ్‌దర్ద్’ మొదలయింది.

అప్పటి పత్రికల పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1910 ప్రెస్ చట్టం ప్రకారం కొత్తగా అచ్చుయంత్రం పెట్టేవాడు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. రాత నచ్చకపోతే ప్రభుత్వం ఆ సొమ్మును జప్తు చేసుకుంటుంది. మళ్ళీ అచ్చు వేయాలంటే 10,000 దాకా కట్టమనవచ్చు. 1913లో బాల్కన్ యుద్ధంలో ముస్లిములపై జరిగిన అత్యాచారాలను వివరించే కరపత్రాన్ని ప్రభుత్వం జప్తు చేసినప్పుడు ముహమ్మద్ అలీ కలకత్తా హైకోర్టుకు వెళ్ళారు. తన రాత వల్ల ఎవరికీ ద్వేషం కలగదని నిరూపించే బరువును చట్టం రాసినవాడి మీదే పెట్టిందనీ, అలా నిరూపించడం దాదాపు అసాధ్యమనీ న్యాయమూర్తులు గుర్తించారు. అయినా చట్టం అలా ఉన్నందున తామేమీ చేయలేమన్నారు. కేసు ఓడిపోయింది గానీ, ఆ చట్టం ఎలాంటిదో లోకానికి తెలిసింది.

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. తుర్కీ ఇంకా ఏ పక్షానా చేరలేదు. లండన్ ‘టైమ్స్’ పత్రిక తుర్కులను బెదిరిస్తున్న ధోరణిలో ఒక వ్యాసం ప్రచురించింది. దానికి జవాబుగా మౌలానా దాదాపు 40 గంటలపాటు కూర్చుని, అదే శీర్షికతో సుదీర్ఘమైన వ్యాసం రాశారు. సెప్టెంబరు 26న అది ‘కామ్రేడ్’లో వెలువడింది. తుర్కీకి ఇంగ్లండు చేసిన అన్యాయాలను అందులో ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టారు. కాని చివరకు తుర్కులకు ఆయన ఇచ్చిన సలహా యుద్ధానికి దూరంగా ఉండమనే! ఇంగ్లండుకు అంతకంటే మేలు చేసే మాట ఇంకేముంటుంది? పాలకులు ఆ సలహాను పక్కనబెట్టి, అన్యాయాల జాబితానే చూశారు. ధరావతు జప్తయింది, ‘కామ్రేడ్’ మూతపడింది. సెన్సారు కోతల మధ్య కొంతకాలం నడిచిన ‘హమ్‌దర్ద్’ కూడా 1915లో ఆగిపోయింది.

1915 మే నెలలో అన్నదమ్ములిద్దరినీ నిర్బంధించారు. విచారణ లేదు, శిక్ష ఇంత అన్న లెక్కా లేదు. మొదట మెహ్రౌలీ, తరువాత లాన్స్‌డౌన్, అక్కడి నుంచి మధ్యపరగణాల్లోని ఛింద్వాడా. ఖుర్‌ఆన్‌ను తీరికగా, లోతుగా అధ్యయనం చేసే అవకాశం మౌలానాకు అక్కడే దొరికింది. 1917లో విడుదల మాట వచ్చింది. యుద్ధం ముగిసేదాకా చక్రవర్తి శత్రువులకు సాయపడబోమని సంతకం పెట్టమన్నారు. తమ ధార్మిక విధులకు భంగం లేకుండా అన్న షరతు చేర్చి సంతకం చేస్తామన్నారు సోదరులు. ఆ ఒక్క షరతును ప్రభుత్వం ఒప్పుకోలేదు. బీ అమ్మా కూడా కొడుకులు మెత్తబడకూడదనే పట్టుబట్టారు. ఆ ఏడాది కలకత్తాలో జరిగిన ముస్లిం లీగ్ మహాసభకు ముహమ్మద్ అలీని అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. ఆయన రాలేరు గనుక కుర్చీలో ఆయన ఫొటో ఉంచి సభ నడిపారు. తల్లి వచ్చి మాట్లాడారు. యుద్ధం ముగిసి ఏడాది దాటాక గానీ, 1919 డిసెంబరులో గానీ ఆయన బయటికి రాలేదు.

ఆ తరువాత ఖిలాఫత్ రాయబారం, జామియా మిల్లియా స్థాపన అందరికీ తెలిసినవే. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. 1921లో సోదరుల ప్రసంగాల్లోని కొన్ని మాటలు హింసను రెచ్చగొట్టేలా ఉన్నాయని ఆక్షేపణ వచ్చింది. గాంధీజీ వాటిని చూసి, అలా అర్థం చేసుకునే వీలుందని వారికి చెప్పారు. మే నెలాఖరులో ఇద్దరూ విచారం తెలుపుతూ బహిరంగ ప్రకటన చేశారు. ప్రభుత్వానికి క్షమాపణ చెప్పుకున్నారని ప్రత్యర్థులు ఎగతాళి చేశారు. సొంత మనుషుల్లోనూ కొందరికి అది రుచించలేదు. సభల్లో వేలమంది ఎదుట నిలబడి మాట్లాడేవానికి, నోరుజారిన మాటను వెనక్కు తీసుకోవడం జైలుకు పోవడం కంటే కష్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ విచారం భయం వల్ల కాదని ఆరు వారాల్లోనే తేలింది. జూలైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ ఆయన అధ్యక్షతన జరిగింది. బ్రిటిష్ సైన్యంలో కొనసాగడం ముస్లిములకు ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి రైలులో మద్రాసు వెళుతుండగా మన వాల్తేరు స్టేషనులో మౌలానాను అరెస్టు చేశారు. వెంట ఉన్న బేగం సాహెబా గాంధీజీతో ప్రయాణం కొనసాగించారు. (గాంధీజీ మధురలో కొల్లాయి కట్టింది ఈ యాత్రలోనే.)

కరాచీలోని ఖాలిఖ్‌దీనా హాలులో విచారణ జరిగింది. ముద్దాయిలు ఏడుగురు. వారిలో షౌకత్ అలీ, డాక్టర్ కిచ్లూ, మౌలానా హుసేన్ అహ్మద్ మదనీలతోపాటు శంకరాచార్య భారతీకృష్ణ తీర్థ కూడా ఉన్నారు. సైనికులను చెడగొట్టే కుట్ర అన్న పెద్ద నేరాన్ని జూరీ అంగీకరించలేదు. అయినా నవంబరు 1న శంకరాచార్యను వదిలి మిగిలిన ఆరుగురికీ రెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. అంతకుముందే, అక్టోబరులో, గాంధీజీతో సహా సుమారు 50 మంది నాయకులు సైనిక కొలువు గురించి అదే అభిప్రాయాన్ని సంతకాలు పెట్టి ప్రకటించారు. ఆ ప్రకటనపై ప్రభుత్వం కేసు పెట్టలేదు.

1923 ఆగస్టులో విడుదలయ్యారు. అదే డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షులై మళ్ళీ ఆంధ్రదేశానికి వచ్చారు. మరుసటి ఏడు రెండు పత్రికలనూ తిరిగి తెరిచారు గాని, అప్పులు, అనారోగ్యం నిలవనివ్వలేదు. నెహ్రూ నివేదికపై విభేదించి కాంగ్రెస్‌కు దూరమయ్యారు. మధుమేహంతో చిక్కిపోయి కూడా 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళి, స్వేచ్ఛ ఇవ్వకపోతే బానిస దేశానికి తిరిగి వెళ్ళనని అక్కడి పెద్దల ఎదుటే చెప్పారు. 1931 జనవరి 4న లండన్‌లోనే కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని జెరూసలేంకు తరలించి మస్జిదె అఖ్సా ప్రాంగణం అంచున ఖననం చేశారు.