ద్వారం వెంకటస్వామి నాయుడు: మన పాట నేర్చిన ఫిడేలు

మన పూర్వీకులలో అనేకులు విశాఖపట్నం పరిసర ప్రాంతాల నుండి చెరకు తోటల పనికి ఓడలెక్కినవారు. నేటాలుకు ఆ ప్రయాణాలు 1860లో మొదలై 1911 వరకు సాగాయి. ఫిజీకి 1916 వరకు జరిగాయి. ఆ ఓడలు ఇంకా కదులుతున్న రోజులలోనే విశాఖ తీరాన ఒక బాలుడు ఫిడేలు సాధన చేస్తూ పెరిగాడు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు. కేంబ్రిడ్జ్‌లో తెలుగును తిరిగి నేర్చుకుంటున్న మనకు ఆయన జీవితం విశేషంగా తెలుసుకోదగినది. ఆయన చేపట్టిన వాద్యం కూడా మనవలె సముద్రం దాటినదే.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. బాల్యం నుండి చూపు మందగించడం వలన బడి చదువు ముందుకు సాగలేదు. అన్నగారే గురువై ఫిడేలు నేర్పారు. చదవలేని కన్నులకు బదులుగా చెవి, చేయి ఆయనకు విద్యాసాధనాలైనాయి.

ఫిడేలు ఐరోపా నుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో బాలుస్వామి దీక్షితులు వంటివారు దానిని కర్ణాటక సంగీతానికి అలవరచారు. పాశ్చాత్యులు గడ్డం కింద ఆనించి వాయిస్తారు. మనవారు నేలపై బాసింపట్టు వేసి కూర్చుని, వాద్యం కొనను పాదంపై నిలుపుతారు. అప్పుడు ఎడమచేయి బరువు మోయనక్కరలేక తంతులపై స్వేచ్ఛగా జారుతుంది. ఆ జారుడులోనే గమకం పలుకుతుంది. తంతులను స-ప-స-ప అని శ్రుతి చేస్తారు. వాద్యం ఆకారం మారలేదు. పట్టు, శ్రుతి, నడక మనవైనాయి.

1919లో విజయనగరం మహారాజు సంగీత కళాశాలను స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదలచి వెళ్లిన నాయుడుగారిని అక్కడ అధ్యాపకునిగానే నియమించారని ప్రతీతి. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ఇరవై ఆరేళ్లు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులైనారు. తరువాతి కాలంలో తెలుగువారి ఇంటింటా వినిపించిన ఘంటసాల, పి. సుశీల ఆ కళాశాలలో చదివినవారే.

గాయకునికి పక్కవాద్యంగా ఉండిన ఫిడేలును సభ మధ్య కూర్చుండబెట్టి, దానితోనే పూర్తి కచేరీ నడిపినవారిలో ఆయన అగ్రగణ్యులు. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, అందులోని నిడివిని, మార్దవాన్ని స్వీకరించారు. రాగభావాన్ని మాత్రం ఎన్నడూ విడువలేదు. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వాదనాన్ని విని ముగ్ధుడైనాడు.

1941లో సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న పరమపదించారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్ల వెలువరించింది. విశాఖపట్నంలో ఆయన పేర కళాక్షేత్రం ఉంది.

తాతముత్తాతల నుడిని మధ్యలో పోగొట్టుకున్న మనం పలికే తెలుగులో ఇతర భాషల యాస వినిపించక మానదు. అందుకు సిగ్గుపడి నోరు మూసుకుంటే ఆ నుడి మనతోనే ముగిసిపోతుంది. పరదేశపు వాద్యం సాధనతో త్యాగరాజ కీర్తనను పలికింది. మనది పరభాష కాదు. మన ఇంటి మాటే. నాయుడుగారి వాదనపు రికార్డులు నేటికీ లభిస్తున్నాయి. ఇక్కడ వయొలిన్ నేర్చుకుంటున్న మన పిల్లలతో కలిసి ఒకటి విందాం. ఆ రాగం పేరును, ఆ కీర్తన పల్లవిని వారిచేత తెలుగులో పలికిద్దాం.